డిగ్రీ పిల్లలతో సొంతంగా రాయించండి, మాట్లాడించండి: ఇంగ్లీష్ సిలబస్, పరీక్షల బాధ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన, సిలబస్ తయారుచేసే ఇంగ్లీష్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు, పరీక్షల విభాగం అధికారులకు, డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

నేను నల్గొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీష్ చెప్తాను. పోయిన విద్యా సంవత్సరం ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేసే కొందరు ఇంగ్లీష్ అధ్యాపకులం కలిసి మీకు వినతిపత్రం ఇచ్చాం. ఆఫీసులో తీసుకుని స్టాంపు వేశారు. తర్వాత గుర్తు చేస్తూ ఇంకో లేఖ పంపాం. దేనికీ జవాబు రాలేదు. ఈలోగా సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి, ప్రశ్నపత్రం ఎప్పటిలాగే ఉంది. అందుకే ఈసారి పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ చదువుకునేలా తెలుగులో, బహిరంగంగా రాస్తున్నాను.

మేం అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. డిగ్రీలో ఇంగ్లీష్ పాసైన ప్రతి విద్యార్థీ తనకు తెలిసిన విషయం మీద ఎవరి సాయం లేకుండా ఒక పేజీ రాయగలగాలి. దాని గురించి రెండు నిమిషాలు నిలబడి చెప్పగలగాలి. ఎవరైనా ప్రశ్న అడిగితే తడుముకుంటూనైనా జవాబు ఇవ్వగలగాలి. ఇప్పుడున్న పరీక్ష ఈ మూడింటిలో ఒక్కటీ అడగడం లేదు. పరీక్షలో లేనిదాన్ని నేర్పమంటే, సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలని మా తోటి లెక్చరర్లే అడుగుతారు. వాళ్లను తప్పుపట్టలేం.

మా క్లాసుల్లో ఏం జరుగుతోందో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పాఠం చదువుతాం, తెలుగులో అర్థం చెప్తాం, ఇంపార్టెంట్ క్వశ్చన్లు టిక్ పెట్టిస్తాం. పిల్లలు గైడ్ కొంటారు. పరీక్షల వారం బస్టాండ్ పక్కన జిరాక్స్ సెంటర్లలో ఆ గైడ్ అరచేతిలో పట్టేంత చిన్న కాగితాలుగా మారిపోతుంది. పద్య సారాంశం, పాఠం సారాంశం, ఏళ్లుగా మారని ఒక సెలవు చీటీ, ఒక ఉద్యోగ దరఖాస్తు. వాల్యుయేషన్ క్యాంపులో కూర్చుంటే ఒక కాలేజీ కట్ట మొత్తంలో అదే మొదటి వాక్యం, అదే చివరి వాక్యం. బట్టీ పట్టినవాడికి డెబ్బై మార్కులు, సొంతంగా రాయబోయి వ్యాకరణం తప్పినవాడికి ముప్పై. రెండోవాడే ఇంగ్లీష్ నేర్చుకుంటున్నాడని దిద్దేవాళ్లకూ తెలుసు. అయినా మీరిచ్చిన స్కీమ్ ప్రకారం మార్కులు అలాగే వేయాలి.

మన దగ్గరికి వచ్చే పిల్లలు ఎవరో కూడా ఒకసారి చూడండి. దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చేవాళ్లకు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. ఇంగ్లీష్ మూడో భాష. నారాయణపేట, గద్వాల సరిహద్దు ఊళ్లలో కన్నడం కలుస్తుంది. మహబూబ్‌నగర్ టౌన్ పిల్లల్లో చాలామందిది ఉర్దూ ఇల్లు. అంటే మన పిల్లలు రెండు మూడు భాషల్లో బతుకుతూనే ఉన్నారు. కొత్త భాష వాళ్లకు భయపడాల్సిన సంగతేమీ కాదు. ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. తప్పు మాట్లాడితే నవ్వుతారన్న టెన్షన్ ఒకటి, అసలు మాట్లాడే సందర్భమే మూడేళ్లలో ఒక్కసారీ రాకపోవడం ఇంకొకటి. మొదటిది రెండోదాని వల్లే ఇంత పెరిగిందని నా నమ్మకం.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. బీఏ ఫైనలియర్, తండా నుంచి బస్సులో వచ్చేది. ఆరో సెమిస్టర్ ప్రాజెక్ట్‌కు వలసలు అనే అంశం తీసుకుంది. రిపోర్ట్ తెచ్చి చూపిస్తే స్పైరల్ బైండింగ్, రంగు అట్ట, లోపల మొదటి పేజీలోనే వలస ప్రపంచవ్యాప్త పరిణామం అంటూ బరువైన ఇంగ్లీష్. ఎక్కడినుంచో దించిందని తెలుస్తూనే ఉంది. వైవాకు, అంటే నోటి పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ చాలా మర్యాదగా, ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నావమ్మా అని ఇంగ్లీష్‌లో అడిగారు. ఆ అమ్మాయి బైండింగ్ తీగను వేలితో తిప్పుతూ నిలబడిపోయింది. బయటికి వచ్చాక అదే ప్రశ్న నేను తెలుగులో అడిగాను. ఆమె చెప్పింది ఇది:

"మా తండాల బోర్లు ఎండితే మొగోళ్లు పుణె పోతరు సార్. మొదటి ఏడు ఒక్కరే పోతరు. అప్పు తీరకపోతే రెండో ఏడు ఆడోళ్లను గూడ తీస్కపోతరు. ఇద్దరూ పోయిన ఇంట్ల ఆడపిల్ల చదువు బందైతది. నేను పోయి అడిగిన ఇండ్లల్ల ఎక్కువ అట్లనే ఉన్నయి."

ఇందులో కారణం ఉంది, క్రమం ఉంది, ఫలితం ఉంది, ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన ఆధారం ఉంది. అన్ని ఇండ్లు అనకుండా ఎక్కువ ఇండ్లు అనేంత జాగ్రత్త కూడా ఉంది. పరిశోధన రాసేవాళ్లకు ఉండాల్సినవి ఇవే కదా! ఆమెకు ఆలోచన లేక కాదు, దాన్ని ఇంగ్లీష్‌లో పేర్చడం మూడేళ్లలో మనం చూపించలేదు. తర్వాత మేమిద్దరం కూర్చుని ఆ మాటల్నే తెలుగులో నాలుగు పాయింట్లుగా రాసుకున్నాం. అసలు మాటను పైకి తెచ్చాం. మనవాళ్లం సాధారణంగా సంగతంతా చెప్పుకొచ్చి ఆఖర్న అసలు మాట చెప్తాం. ఇంగ్లీష్ అకడమిక్ పేరాలో అసలు మాట ముందు చెప్పి, ఎందుకో తర్వాత చెప్పాలి. ఇదొక తెలివితక్కువతనం కాదు, అలవాటు తేడా అంతే. చెప్తే ఒక్కరోజులో అర్థమవుతుంది. ఒక్కో పాయింట్‌కు ఒక్కో చిన్న ఇంగ్లీష్ వాక్యం రాయించాను. రెండో డ్రాఫ్ట్‌లో వాక్యాల మధ్య "బికాజ్", "యాజ్ ఎ రిజల్ట్" వచ్చాయి. మూడో డ్రాఫ్ట్‌లో ఆర్టికల్స్, కాలాలు దిద్దుకుంది. సగం పేజీ అయింది. ఆ సగం పేజీ పక్కన పెడితే బైండింగ్ చేసిన రిపోర్ట్ ఎందుకూ పనికిరాదు. మార్కులు మాత్రం బైండింగ్‌కే పడ్డాయి.

దీనివల్ల మామూలు కుటుంబాలకు ఏం జరుగుతోందో కింద రాస్తున్నాను.

1. ఒకే చదువుకు రెండుసార్లు ఫీజు. డిగ్రీ అయ్యాక పిల్లల్ని స్పోకెన్ ఇంగ్లీష్ కోసం అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ పంపుతున్నారు. కోచింగ్ ఫీజు, హాస్టల్ ఫీజు, బస్సు చార్జీలు. పత్తి అమ్మిన డబ్బో, కూలీ డబ్బో, మహిళా సంఘంలో తీసిన అప్పో. మూడేళ్లు ప్రతి సెమిస్టర్‌లో ఇంగ్లీష్ చదివిన పిల్లాడికి మళ్లీ ఇంగ్లీష్ ఎందుకు కొనాలి సార్ అని ఒక తండ్రి నన్ను అడిగాడు. ఆయనకు జవాబు చెప్పాల్సింది మీరు. పంపే స్తోమత లేని ఇళ్లలో పిల్లలు ఊళ్లోనే ఆగిపోతున్నారు. ఆడపిల్లల విషయంలో స్తోమత ఉన్నా పంపనివాళ్లు ఉన్నారు. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. కాలేజీలో నేర్పి ఉంటే ఆ దూరం వాళ్లకు అడ్డం వచ్చేదే కాదు.

2. ఉద్యోగ పరీక్షల్లో ఇంగ్లీష్ గేటు దగ్గరే ఆగిపోవడం. గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, సంతోషం. కానీ 150 మార్కుల జనరల్ ఇంగ్లీష్ పేపర్ ఉంటుంది. అది ర్యాంకు లెక్కలోకి రాదు గానీ అందులో క్వాలిఫై కాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. సివిల్స్ మెయిన్స్‌లోనూ 300 మార్కుల క్వాలిఫయింగ్ ఇంగ్లీష్ పేపర్ ఉంది. వీటిలో కుదించి రాయమంటారు, సొంతంగా వ్యాసం, లేఖ రాయమంటారు. బట్టీకి అక్కడ చోటు లేదు. మన దగ్గరేమో పీజీ ప్రవేశ పరీక్ష కూడా ఆబ్జెక్టివ్ కాబట్టి, డిగ్రీలో తప్పించుకుంటే పీజీ గుమ్మం దాకా ఎవరూ సొంతంగా ఒక్క పేరా రాయమని అడగరు.

3. పైచదువుకు వెళ్లినవాళ్లు కాపీ కేసుల్లో ఇరుక్కోవడం. 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే సరిచేసి మళ్లీ సమర్పించాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇంకొకరి మాటను సొంత వాక్యంలో ఎలా చెప్పాలో, ఎవరి మాటో ఎలా రాయాలో నేర్పకుండా పిల్లల్ని అక్కడికి పంపుతున్నాం. డీటీపీ సెంటర్లో రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనుక్కుని డిగ్రీ పాసైన పిల్లాడికి అది తప్పని ఎవరు చెప్పారు? ఇప్పుడు ఫోన్‌లో ఏఐ యాప్‌లు వచ్చాయి, ఆ ఖర్చు కూడా లేదు. అదే 2018 నిబంధనలు విద్యార్థులకు దీనిపై ప్రతి సెమిస్టర్ అవగాహన కార్యక్రమాలు పెట్టాలని కూడా చెప్తున్నాయి. మా పిల్లలెవరూ అలాంటిది చూడలేదు.

4. మిగతా సబ్జెక్టుల్లోనూ మౌనం. బీఎస్సీ, బీకాం చాలావరకు ఇంగ్లీష్ మీడియమే. డౌట్ ఉన్నా అడగరు. అర్థమైందా అంటే తల ఊపుతారు.

5. ఇంటర్‌లో వచ్చిన కాస్త ధైర్యం డిగ్రీలో పోవడం. ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఫస్టియర్ ఇంగ్లీష్‌లో ప్రాక్టికల్స్ పెట్టింది, 20 మార్కులు మాట్లాడటానికి, వినడానికి. లోపాలు ఉన్నాయి, కొన్ని కాలేజీల్లో మొక్కుబడిగా జరుగుతాయి, ఒప్పుకుంటాను. అయినా పిల్లాడు ఒక్కసారైనా నోరు తెరవక తప్పలేదు. ఆ మొదటి బ్యాచ్ 2025లో డిగ్రీలో చేరింది. ఇక్కడ మళ్లీ సారాంశాలు, గైడ్లు! ఇంకో మాట. మన రాష్ట్రంలో సర్కారు బడుల్లో 2022-23లో 1 నుంచి 8వ తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం మొదలైంది. ఆ ఏడు ఎనిమిదిలో ఉన్నవాళ్లు 2027లో డిగ్రీకి వస్తారు. వాళ్లకు కూడా మనం సెలవు చీటీ రాయడమే నేర్పుతామా?

ఇవి మా డిమాండ్లు.

అన్నిటికంటే ముందు ప్రశ్నపత్రం మార్చండి. మిగతావేవీ కుదరకపోయినా ఇదొక్కటి చేస్తే క్లాసు దానంతటదే మారుతుంది. పాఠం సారాంశాల ప్రశ్నలు సగానికి తగ్గించండి. విద్యార్థి ముందు చూడని రెండు చిన్న పేరాలు ఇవ్వండి; ఒక విషయం మీద రెండు భిన్నమైన అభిప్రాయాలు ఉండాలి. చెరువు మట్టి పొలాలకు తోలడం, ఊళ్లో బెల్ట్ షాపు, ఫోన్‌లో చదువు, ఏదైనా సరే పిల్లలకు తెలిసిన సంగతి. రెండూ చదివి, ఎవరేమన్నారో సొంత వాక్యాల్లో చెప్పి, తను దేన్ని ఎందుకు ఒప్పుకుంటాడో ఒక పేజీ రాయాలి. ఇంకో ప్రశ్నలో ఒక చిన్న పట్టికో గ్రాఫో ఇచ్చి అందులో ఏం కనిపిస్తోందో రాయమనండి. వీటికి గైడ్ పనిచేయదు.

ప్రతి సెమిస్టర్‌లో 20 మార్కులు మాట్లాడటానికి పెట్టండి. రెండు నిమిషాలు విద్యార్థి చెప్పాలి, రెండు నిమిషాలు ప్రశ్నలు. 60 మంది సెక్షన్‌కు 240 నిమిషాలు, అంటే నాలుగు గంటలు. రెండు రోజుల్లో అయిపోయే పని. మార్కులు దేనికి వేయాలో రాతపూర్వకంగా ఇవ్వండి: చెప్పింది అర్థమైందా, వరస ఉందా, ప్రశ్న విని దానికే జవాబు ఇచ్చాడా. యాసకు మార్కులు కోయొద్దు. మాట చివర అచ్చు చేరిందనో, "ఎఫ్" బదులు "ప" పలికాడనో తగ్గించొద్దు. ఎదుటివాడికి అర్థమైతే చాలు. పల్లె నుంచి వచ్చిన పిల్లల నోరు మూయించేది ఎక్కువగా ఇదే. కాన్వెంట్ నుంచి వచ్చిన పిల్లాడు చదివింది అప్పజెప్పినా ఎక్కువ మార్కులు పడే పద్ధతి మళ్లీ రాకూడదు.

మూడోది డ్రాఫ్టుల సంగతి. ఇంటర్నల్ మార్కులు ఒక అసైన్‌మెంట్ కాపీకి కాకుండా, క్లాసులో చేత్తో రాసిన మొదటి డ్రాఫ్ట్, దాని మీద లెక్చరర్ రాసిన రెండు మాటలు, దిద్దుకుని రాసిన రెండో డ్రాఫ్ట్, మూడూ కలిపి చూసి వేయాలి. ఏఐ భయానికి కూడా ఇదే మందు. క్లాసులో పెన్నుతో రాసిన మొదటి డ్రాఫ్ట్ చేతిలో ఉంటే ఎవరి మాట ఎవరిదో తెలిసిపోతుంది. ప్రతి తప్పునూ ఎర్ర పెన్నుతో గీయాలని మాత్రం అనకండి. పేజీ అంతా ఎర్రగా కనిపిస్తే పిల్లలు దాన్ని మడిచి బ్యాగులో పెట్టేస్తారు, మళ్లీ తెరవరు. ఒకసారికి ఒకటో రెండో రకాల తప్పులు చూపిస్తే చాలు. ఈసారి వాక్య క్రమం, వచ్చేసారి కాలాలు.

ఇక్కడే మా వైపు నుంచి ఒక లెక్క చెప్పాలి. ఒక పేజీ చదివి పనికొచ్చే మాట రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. 60 మందికి 300 నిమిషాలు, అంటే ఐదు గంటలు. నాలుగు సెక్షన్లు ఉన్న లెక్చరర్‌కు ఒక్కసారి రాయిస్తే 20 గంటలు. 2018 యూజీసీ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన అని ఉంది. టైమ్‌టేబుల్‌లో దిద్దే పనికి ఒక్క పీరియడ్ కూడా చూపించరు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌కైతే దిద్దిన గంటకు రూపాయి రాదు. కాబట్టి నెలకు ఒక్కసారి రాయించి దిద్దడానికి పట్టే గంటల్ని పనిగంటల్లో లెక్కగట్టండి, గెస్ట్ లెక్చరర్లకు వాటికీ డబ్బు ఇవ్వండి, ఖాళీ పోస్టులు నింపమని ప్రభుత్వానికి గట్టిగా రాయండి. ఇది లేకుండా పై మార్పులు చేస్తే కాగితం మీదే ఉంటాయి. మాకు ముందే తెలుసు.

క్లాసులో తెలుగు, లంబాడీ, ఉర్దూ వాడటాన్ని నేరంగా చూడొద్దు. ఇంగ్లీష్ అవర్‌లో ఇంగ్లీష్ తప్ప వినిపించకూడదని కొన్ని కాలేజీల్లో ఫైన్లు కూడా వేస్తున్నారు. ఆలోచన పిల్లలకు వచ్చిన భాషలోనే పుట్టనివ్వండి, పాయింట్లు ఆ భాషలోనే రాసుకోనివ్వండి, పేరా ఇంగ్లీష్‌లో రాయించండి. ఆ అమ్మాయి సగం పేజీ అలాగే తయారైంది. డిగ్రీ స్థాయి చదువును మన భాషల్లో నడపడం ఈ నేలకు కొత్త కూడా కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే మొదలైంది, అప్పుడు కూడా ఇంగ్లీష్‌ను ఒక సబ్జెక్టుగా నేర్పారు.

లెక్చరర్లకు శిక్షణ ఇప్పించండి. మాలో చాలామందిమి ఎంఏలో కవితలు, నాటకాలు చదువుకుని వచ్చాం. రాయడం ఎలా నేర్పాలో మాకు ఎవరూ నేర్పలేదు. హైదరాబాద్‌లో ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పెట్టిందే మన దేశంలో ఇంగ్లీష్ చెప్పేవాళ్లను తయారుచేయడానికి. బస్సెక్కితే రెండు మూడు గంటల ప్రయాణం. వేసవిలో రెండు వారాలు మా జిల్లాల లెక్చరర్లను, గెస్ట్ లెక్చరర్లతో సహా, అక్కడికి పంపే ఏర్పాటు చేయండి.

చివరగా ప్రిన్సిపాల్ గార్లకు. వారంలో ఒక మధ్యాహ్నం ఒక గది ఇప్పించండి. పిల్లలు తమ ప్రాజెక్ట్ డ్రాఫ్టో, దరఖాస్తో, సెమినార్ పేపరో తెచ్చుకుని ఒకరిముందు ఒకరు చదువుకోవడానికి. కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు అక్కర్లేదు. తాళం వేసి ఉన్న లాంగ్వేజ్ ల్యాబులు మనకు చాలా ఉన్నాయి. ఒక బల్ల, కుర్చీలు, ఒక లెక్చరర్ చాలు.

మా వైపు పని మేం చేసి పెట్టుకున్నాం. ఒక నమూనా ప్రశ్నపత్రం, మాట్లాడే పరీక్షకు మార్కుల పట్టిక, ఒక సెమిస్టర్ ప్రణాళిక తయారుగా ఉన్నాయి. మా అభ్యర్థన ఇది: వచ్చే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టండి, ఆ సమావేశానికి రెండు జిల్లాల నుంచి ఇద్దరు అధ్యాపకులను, ఇద్దరు విద్యార్థులను పిలవండి, వచ్చే సెమిస్టర్ అల్మనాక్ (తేదీల పట్టిక) విడుదలయ్యేలోపు మా వినతిపత్రానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. కుదరదంటే ఎందుకు కుదరదో కూడా రాయండి. జవాబు రాకపోతే ఈ లేఖ మీద విద్యార్థుల, తల్లిదండ్రుల సంతకాలు సేకరించి ఉన్నత విద్యా మండలికి ఇస్తాం.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక డిగ్రీ కాలేజీ ఇంగ్లీష్ అధ్యాపకుడు,
దేవరకొండ ప్రాంతం, నల్గొండ జిల్లా